రాస్కో బ్రేడీ, గోషే జబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బులు, మెటబాలిక్ జబ్బుల (ఒంట్లో పదార్థాలు తయారవడంలో, కరగడంలో తేడా వల్ల వచ్చేవి) గురించి మాటొస్తే నేను ముందు చెప్పే పేరు రాస్కో బ్రేడీ. చెప్పగానే "ఎవరాయన" అంటారు, ఆ వెనకే ప్రశ్నలు వరసగా వస్తాయి. పదే పదే అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి అవ్వదు, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇంతకీ ఎవరీ రాస్కో బ్రేడీ?

1923లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టిన డాక్టరు, బయోకెమిస్ట్. 1947లో హార్వర్డ్‌లో ఎండీ చేశారు. తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీలో శామ్యూల్ గురిన్ దగ్గర, ఒంట్లో కొవ్వు ఆమ్లాలు ఎలా తయారవుతాయో చూసే పనిలో పడ్డారు, రెండేళ్లు నేవీలో డాక్టర్‌గా చేసి 1954లో బెథెస్డాలోని ఎన్‌ఐహెచ్‌లో (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ), నరాల జబ్బుల ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఇక అక్కణ్నుంచి కదల్లేదు. 1972 నుంచి 2006 దాకా అక్కడ డెవలప్‌మెంటల్ అండ్ మెటబాలిక్ న్యూరాలజీ బ్రాంచ్‌కి చీఫ్‌గా ఉన్నారు. 2016 జూన్‌లో, 92 ఏళ్ల వయసులో పోయారు.

నాకు ఆయన ఎందుకంత ఇష్టమంటే, ఒక జబ్బు ఎందుకొస్తుందో కనిపెట్టేది ఒకరు, దానికి టెస్టు తయారుచేసేది ఇంకొకరు, మందు తెచ్చేది మరొకరు, మామూలుగా జరిగేది ఇదీ. ఈయన మాత్రం గోషే జబ్బు విషయంలో ఆ మూడు మెట్లూ తన ల్యాబ్ నుంచే ఎక్కారు. అలాగని గబగబా ఎక్కెయ్యలేదు, మొదటి మెట్టుకీ చివరి మెట్టుకీ మధ్య పాతికేళ్లు దాటిపోయాయి.

గోషే జబ్బంటే ఏంటి? మామూలు మాటల్లో చెప్పండి.

మన రక్తకణాలకి ఆయుష్షు తక్కువ, రోజూ కోట్ల కొద్దీ పాతవి చచ్చిపోతుంటాయి. వాటిని మింగేసి, ముక్కలు చేసి, పనికొచ్చేవి మళ్లీ ఒంట్లోకి పంపే పని మ్యాక్రోఫేజ్ అనే కణాలది. ఇవి స్ప్లీన్‌లో (ప్లీహం అంటాం కదా, అదే), లివర్‌లో, ఎముక మూలుగులో ఎక్కువగా ఉంటాయి. రక్తకణం పైపొరలో ఉండే కొవ్వుల నుంచి గ్లూకోసెరిబ్రోసైడ్ అనే పదార్థం వస్తుంది, దాన్ని కత్తిరించడానికి గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. గోషే ఉన్నవాళ్లలో ఆ ఎంజైమ్ చాలినంత పనిచెయ్యదు. మింగడం ఆగదు, అరగడం మాత్రం అవ్వదు. దాంతో ఆ కొవ్వు మ్యాక్రోఫేజ్‌లోనే పేరుకుపోయి కణం ఉబ్బిపోతుంది, మైక్రోస్కోప్‌లో చూస్తే నలిపి పడేసిన పల్చటి కాగితంలా ఉంటుంది లోపలంతా.

అలాంటి కణాలు లక్షల్లో చేరితే స్ప్లీన్ పెరిగిపోయి పొట్ట ముందుకొస్తుంది, లివర్ పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోయి ఊరికే కమిలిపోతుంటుంది, ఎముకల్లో భరించలేని నొప్పులొస్తాయి, ఎముకలు విరుగుతాయి. ఇది టైప్ 1. టైప్ 2, టైప్ 3 అని ఇంకో రెండున్నాయి, వాటిలో మెదడు కూడా దెబ్బతింటుంది. వాటి సంగతి కింద విడిగా రాశాను, దయచేసి అది వదిలెయ్యకుండా చదవండి.

ఆ పేరెలా వచ్చింది?

ఫిలిప్ గోషే అనే ఫ్రెంచ్ డాక్టర్ పేరు. 1882లో, స్ప్లీన్ విపరీతంగా పెరిగిపోయిన 32 ఏళ్ల ఆవిడ కేసు గురించి తన థీసిస్‌లో రాశాడు. అప్పట్లో ఆయన అది స్ప్లీన్‌లో వచ్చిన గడ్డ అనుకున్నాడు.

బ్రేడీ రాకముందు దీని గురించి ఎంత తెలుసు?

ఏదో కొవ్వు పేరుకుంటోందని తెలుసు. ఆ కొవ్వు గ్లూకోసెరిబ్రోసైడ్ అని 1934లో తేలింది. అది ఎందుకు పేరుకుంటోందో మాత్రం ఎవరికీ తెలీదు. ఒంట్లో అది మరీ ఎక్కువగా తయారవుతోందా? లేక తయారైంది తయారైనట్టు కరిగిపోకుండా ఆగిపోతోందా? ఈ రెండిట్లో ఏదో తేలకపోతే మందు గురించి ఆలోచించే దారే లేదు, ఎందుకంటే మొదటిదైతే తయారీని ఆపాలి, రెండోదైతే కరిగించేదాన్ని అందివ్వాలి. తొట్టి పొంగిపొర్లుతుంటే పంపు ఎక్కువ తిప్పామా, కింద గొట్టం మూసుకుపోయిందా అని చూడాలి కదా, అదే ప్రశ్న.

చేయించగలిగిన వైద్యమల్లా ఆపరేషన్ చేసి స్ప్లీన్ తీసెయ్యడం. దానివల్ల రక్తం కొంత మెరుగుపడేది, లివర్‌లో ఎముకల్లో పేరుకునేది అలాగే సాగేది.

ఎంజైమ్ లోపమే కారణమని ఎలా తేల్చారు?

ఇది నాకు అన్నిటికంటే నచ్చే భాగం. ముందుగా బ్రేడీ, ఎబర్‌హార్డ్ ట్రామ్స్ కలిసి, ఆపరేషన్‌లో తీసేసిన రోగుల స్ప్లీన్ ముక్కలు తీసుకుని అవి ఈ కొవ్వుని ఎంత తయారుచేస్తున్నాయో కొలిచారు, 1960లో ఆ ఫలితం వచ్చింది: తయారీ మామూలుగానే ఉంది. అంటే పంపు బానే ఉంది. మిగిలింది గొట్టం.

ఇప్పుడు కరగడాన్ని కొలవాలి. దానికి రేడియోయాక్టివ్ కార్బన్ గుర్తు పెట్టిన గ్లూకోసెరిబ్రోసైడ్ కావాలి, అలాంటిది ఎక్కడా దొరకదు, ఎవరో ఒకరు కూర్చుని అణువు అణువూ కట్టాలి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి డేవిడ్ షపీరో అనే కెమిస్ట్ వచ్చి ఆ పనిలో చెయ్యేశాడు. జూలియన్ కాన్‌ఫర్ బ్రేడీ ల్యాబ్‌లోనే ఉన్నాడు. గుర్తు పెట్టిన కొవ్వుని మామూలు మనుషుల స్ప్లీన్ కణజాలంలో వేస్తే ముక్కలైంది, గోషే రోగుల కణజాలంలో వేస్తే చాలా తక్కువగా ముక్కలైంది. పూర్తిగా సున్నా కాదు, ఎంతో కొంత పనిచేస్తోంది, ఈ చిన్న విషయం కూడా ముఖ్యమే. 1965లో ఈ పని అచ్చయింది.

ఒక్క సబ్‌స్టన్స్ తయారుచేసుకోడానికే అన్ని రోజులు పెట్టడం, అది కూడా "తయారీ ఎక్కువైంది" అనే సులువైన జవాబుని ముందు తానే కొట్టేసి, ఆ తర్వాత అసలు జవాబు వెతకడం... వేరేవాళ్లయితే మొదటి ఊహకి సరిపోయే లెక్క ఒకటి దొరకగానే ఆగిపోయేవాళ్లని నాకనిపిస్తుంది.

లైసోజోమ్ జబ్బు అంటారు కదా, అది కనిపెట్టింది కూడా ఈయనేనా?

కాదు. లైసోజోమ్ అంటే కణం లోపల ఎంజైమ్‌లతో నిండిన చిన్న సంచి, గోషేలో సరిగ్గా పనిచెయ్యని ఎంజైమ్ ఉండేది కూడా అందులోనే. ఆ సంచిని 1955లో బయటపెట్టింది బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్. 1963లో అక్కడి హెన్రీ హెర్స్, పాంపే జబ్బులో (కండరాలు బలహీనపడే జబ్బు) లైసోజోమ్‌లో ఉండే ఎంజైమ్ ఒకటి లేదని చూపించి, ఇలాంటి జబ్బులు ఒక కుటుంబమంత ఉండొచ్చని చెప్పాడు. బెల్జియంలో ఒక దారి, బెథెస్డాలో ఇంకో దారి, రెండూ ఒకచోట కలిశాయి.

గోషే ఒక్కదాని మీదేనా ఆయన పనిచేసింది?

అస్సలు కాదు. కిటుకు ఒకసారి దొరికాక అదే పద్ధతిలో ఒక్కో జబ్బూ విప్పుకుంటూ పోయారు. 1966లో నీమన్-పిక్ జబ్బులో (ఇదీ కణాల్లో కొవ్వు పేరుకునే జబ్బే) స్ఫింగోమైలినేజ్ అనే ఎంజైమ్ లోపం, 1967లో ఫాబ్రీ జబ్బులో ఇంకో ఎంజైమ్ లోపం. ఫాబ్రీ అంటే చేతులు కాళ్లు మంటలు పుట్టి, పెద్దయ్యాక కిడ్నీలూ గుండే దెబ్బతినే జబ్బు. పసిపిల్లల మెదడుని దెబ్బతీసే టే-శాక్స్ జబ్బు మీద కూడా ఆయన ల్యాబ్ పనిచేసింది గానీ అందులో హెక్సోసమినిడేజ్-ఎ లోపాన్ని 1969లో సరిగ్గా పట్టుకున్న పేరు షింటారో ఒకాడా, జాన్ ఓబ్రయన్‌లకే దక్కాలి.

ఇక్కడ ఇంకో కథ చెప్పకుండా ఉండలేను. ఆయన బ్రాంచ్‌లోనే పీటర్ పెంచెవ్ అని ఒకాయన ఉండేవాడు, ఒక రకం ఎలుకల్లో కొవ్వులు వింతగా పేరుకోవడం గమనించి దాని వెంట పడ్డాడు, తవ్వగా తవ్వగా అది నీమన్-పిక్ టైప్ సి అనే జబ్బులో కొలెస్ట్రాల్ కణం లోపల ఇరుక్కుపోతోందని తెలియడానికి దారితీసింది, 1997లో దాని జీన్ కూడా దొరికింది. పేరులో నీమన్-పిక్ అని ఉన్నా, స్ఫింగోమైలినేజ్ లోపంతో వచ్చేదీ ఇదీ వేరువేరు జబ్బులు. చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు, రిపోర్టులో ఏ టైపో చూసుకోండి.

టెస్టు సంగతేంటి? మొదట్లో ఎలా గుర్తుపట్టేవాళ్లు?

ఎముక మూలుగు లాగి చూడటం, లేకపోతే లివర్ ముక్క తియ్యడం. చిన్నపిల్లలకి అది ఎంత నరకమో వేరే చెప్పక్కర్లేదు. 1967లో బ్రేడీ బృందం కాస్త రక్తం తీసి అందులోని తెల్లకణాల్లో ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కొలిచి గోషేనీ, నీమన్-పిక్‌నీ గుర్తుపట్టొచ్చని చూపించింది. ఎంజైమ్ పనిని కొలిచి తేల్చే పద్ధతి ఇప్పటికీ అదే, కాకపోతే ఇప్పుడు దాంతోపాటు జీన్ టెస్టు కూడా చేస్తారు. ఆ తర్వాత కడుపులో బిడ్డ ఉండగానే ఇలాంటి జబ్బులు తెలుసుకునే పరీక్షల మీద కూడా పనిచేశారు.

మందు ఇంకా పాతికేళ్ల దూరంలో ఉంది. అయినా ఏ జబ్బో పేరు తెలియక ఏళ్లకేళ్లు తిరిగిన అమ్మానాన్నలకి పేరు తెలియడమే ఎంత పెద్ద సంగతో, అనుభవించినవాళ్లకి తెలుస్తుంది.

లేని ఎంజైమ్‌ని సెలైన్‌లా ఎక్కిస్తే సరిపోతుంది కదా, దానికి అన్నేళ్లెందుకు?

అందరూ అడిగేది ఇదే, నేనూ చదువుకునే రోజుల్లో ఇదే అడిగాను. 1960ల మధ్యలోనే డి డ్యూవ్, బ్రేడీ ఇద్దరూ ఈ మాట అన్నారు, ఆలోచన వరకు కొత్తేం కాదు. అడ్డంకులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

మొదటిది, ఎంజైమ్ ఎక్కడ దొరుకుతుంది? జంతువులది ఎక్కిస్తే ఒళ్లు దాని మీద తిరగబడుతుందేమోనని భయం. మనిషిదే కావాలి, అదీ ఎక్కువగా కావాలి. జీన్ కోసి బ్యాక్టీరియాలోనో కణాల్లోనో పెట్టి తయారుచేసుకునే రోజులు కావవి. చివరికి వాళ్లకి తట్టింది మాయ. కాన్పయ్యాక బిడ్డ వెనక బయటికొచ్చే మాయ అన్నమాట, ఆస్పత్రుల్లో పారేసేదే. అందులోంచి ఎంజైమ్‌ని వేరుచేసి శుద్ధి చేశారు.

1974లో ఇద్దరు రోగులకి అలా శుద్ధి చేసిన ఎంజైమ్‌ని ఎక్కించారు. అంతకుముందూ తర్వాతా లివర్ నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, పేరుకున్న కొవ్వు ఇద్దరిలోనూ సుమారు 26 శాతం తగ్గింది. రక్తంలో ఎక్కువగా ఉన్నది కూడా మామూలు స్థాయికి దిగింది. ఏళ్ల తరబడి పేరుకున్నది ఒక్క డోసుతో నాలుగో వంతు పోయిందంటే ఆ రోజు ఆ ల్యాబ్‌లో ఎలా ఉండుంటుందో ఊహించుకోండి.

తీరా ఎక్కువ మొత్తంలో తయారుచెయ్యడానికి శుద్ధి పద్ధతి మార్చి మళ్లీ ఎక్కిస్తే ఫలితాలు ఒకలా రాలేదు. కొందరిలో కొవ్వు తగ్గింది, కొందరిలో కదల్లేదు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు.

మరి అప్పుడేం చేశారు?

ఎక్కించిన ఎంజైమ్ ఎటు పోతోందో వెతికారు. లివర్‌లోకే పోతోంది, కానీ అందులో తప్పు కణాల్లోకి. లివర్‌లో పెద్ద భాగం హెపటోసైట్లు అనే మామూలు కణాలు, వాటికి ఈ ఎంజైమ్ అక్కర్లేదు, అవి దాన్ని లాగేసుకుంటున్నాయి, కావాల్సిన మ్యాక్రోఫేజ్‌లకి మిగిలేది కొంచెమే.

ఎంజైమ్ మీద చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి, ఏ కణం దాన్ని లోపలికి తీసుకోవాలో చెప్పే చిరునామా లాంటివి అవి. అదే ఎన్‌ఐహెచ్‌లో గిల్బర్ట్ ఆష్‌వెల్ అప్పటికే, చక్కెర గొలుసు చివర గెలాక్టోజ్ కనిపిస్తే హెపటోసైట్లు దాన్ని లాక్కుంటాయని చూపించి ఉన్నాడు. మ్యాక్రోఫేజ్‌లకి మ్యానోజ్ అనే చక్కెరని పట్టుకునే కొక్కెం ఉంటుందని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. బ్రేడీ బృందం రెండిటినీ కలిపి ఆలోచించింది. మూడు ఎంజైమ్‌లు వరసగా వాడి గొలుసు చివర్నుంచి సయాలిక్ ఆమ్లం, గెలాక్టోజ్, ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైన్ ఒక్కోటీ ఒలిచేసి లోపలున్న మ్యానోజ్ బయటికి కనిపించేలా చేశారు. ఉత్తరం పాతదే, కవరు మీద చిరునామా మార్చారు. 1980ల మొదట్లో అయిన పని ఇది, మందు నిలబడటానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఒక చిన్నబాబు వల్ల మందు బతికిందని విన్నాను, నిజమేనా?

నిజమే. చిరునామా మార్చిన ఎంజైమ్‌ని 1980ల మధ్యలో కొద్దిమంది రోగుల మీద ట్రయల్ చేశారు, అందరికీ ఒకటే డోసు ఇచ్చారు. పెద్దవాళ్లెవరిలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. నాలుగేళ్ల బాబు ఒక్కడిలో మాత్రం 7 దగ్గరున్న హిమోగ్లోబిన్ 10 దాటింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఎముకల్లో కూడా మెరుగుదల కనిపించింది.

ఒక్కడిలో పనిచేసి మిగతావాళ్లలో చెయ్యలేదంటే ట్రయల్ ఫెయిలైందని మూసెయ్యొచ్చు. వాళ్లు తిరగేసి ఆలోచించారు: ఈ పిల్లాడిలో వేరేగా ఏముంది? ఒళ్లు చిన్నది. అందరికీ ఒకటే డోసు కాబట్టి కిలో బరువుకి లెక్కేస్తే వాడికి అందింది మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. అంటే మందు పనిచేస్తోంది, పెద్దవాళ్లకి చాలట్లేదు, అంతే. ఆ పైన ఎంత డోసు ఇస్తే లివర్‌లో కొవ్వు నిజంగా తగ్గుతుందో లెక్కకట్టుకుని అప్పుడు పెద్ద ట్రయల్‌కి వెళ్లారు.

ట్రయల్స్‌లో ఒక్కరే తేడాగా కనిపిస్తే ఆ ఒక్కర్నీ లెక్కలోంచి తీసి పక్కన పెట్టడం చాలా తేలిక. ఆ ఒక్కడి దగ్గరే ఆగి చూడటం వల్ల ఎంతమంది బతికారో తల్చుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఫైనల్ ట్రయల్ ఎప్పుడు, ఎంతమంది మీద?

12 మంది. కిలోకి 60 యూనిట్ల లెక్కన రెండు వారాలకోసారి, 9 నుంచి 12 నెలలు ఇచ్చారు. 12 మందిలోనూ హిమోగ్లోబిన్ పెరిగింది, స్ప్లీన్ తగ్గింది. నార్మన్ బార్టన్ మొదటి పేరుగా 1991లో అచ్చయింది, అదే ఏడాది ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ) అల్‌గ్లూసిరేజ్ అనే ఈ మందుకి అనుమతిచ్చింది. సెరిడేజ్ అనే పేరుతో జెన్‌జైమ్ కంపెనీ అమ్మింది. లైసోజోమ్ జబ్బులన్నిటిలో అనుమతి దొరికిన మొదటి ఎంజైమ్ మందు ఇది. "12 మందితోనే ఎలా నమ్మారు" అని అడిగేవాళ్లుంటారు, తనంతట తానుగా ఎప్పుడూ తగ్గని స్ప్లీన్ 12 మందిలో 12 మందికీ తగ్గితే ఇంక వేల మంది అక్కర్లేదు.

అన్ని మాయలు ఎక్కణ్నుంచి తెచ్చారు?

ఒక పెద్దమనిషికి ఏడాది వైద్యానికి సుమారు 20,000 మాయలు కావాలి. అవును, ఒక్కరికే. చాలా దేశాల ఆస్పత్రుల నుంచి పోగుచేసేవాళ్లు. అలా ఎంతకాలం నడుస్తుంది చెప్పండి, 1994లో ఇమిగ్లూసిరేజ్ వచ్చింది, దీన్ని చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లో జీన్ పెట్టి తయారుచేస్తారు, మాయలతో పనిలేదు. తర్వాత మనిషి కణాల్లో తయారుచేసింది ఒకటి, క్యారెట్ కణాల్లో తయారుచేసింది ఇంకోటి కూడా వచ్చాయి.

మందు రేటు అంత ఎక్కువెందుకు? దాని మీద బ్రేడీకి విమర్శలు రాలేదా?

మందు రేటు మీద గట్టిగానే వచ్చాయి. అప్పట్లో ప్రపంచంలోనే చాలా ఖరీదైన మందుల్లో అదొకటి, పెద్దవాళ్లకి పూర్తి డోసంటే ఏడాదికి లక్షల డాలర్లు. అరుదైన జబ్బుల మందులకి ఏడేళ్లు పోటీ లేకుండా అమ్ముకునే హక్కిచ్చే చట్టం అమెరికాలో 1983లో వచ్చింది, అది లేకపోతే ఏ కంపెనీ ముందుకొచ్చేది కాదన్నది ఒక వాదన. ప్రజల డబ్బుతో నడిచే ల్యాబ్‌లో పుట్టిన మందుకి ప్రజలు అంత కట్టాలా అన్నది ఇంకో వాదన. రెండూ కొట్టిపారేసేవి కాదు. నా వరకు, రెండో ప్రశ్నకి ఇంకా సరైన జవాబు రాలేదనే అనుకుంటాను.

డోసు మీద కూడా గొడవ నడిచింది. ఎర్నెస్ట్ బ్యూట్లర్ అనే పేరున్న హెమటాలజిస్ట్, ఇంత పెద్ద డోసు అక్కర్లేదు, తక్కువ మందుని వారంలో ఎక్కువసార్లు ఇచ్చినా సరిపోతుందని గట్టిగా వాదించాడు. డోసు తగ్గితే ఖర్చు తగ్గుతుంది కాబట్టి ఇది మామూలు సైన్స్ వాదన కాదు, ఇళ్లకి సంబంధించిన వాదన.

నరాల ఇన్‌స్టిట్యూట్‌లో ఉండి మెదడుకి మందు ఎందుకు తేలేకపోయారు?

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక కాపలా గోడ ఉంటుంది, ఏది పడితే అది లోపలికి పోనివ్వదు. ఎంజైమ్ అంటే పెద్ద ప్రోటీన్, ఆ గోడ దాటలేదు. అందుకే టైప్ 1లో అద్భుతంగా పనిచేసే మందు, టైప్ 3 పిల్లల్లో స్ప్లీన్‌నీ లివర్‌నీ రక్తాన్నీ బాగుచేస్తుంది గానీ నరాల వైపు పని చెయ్యలేదు. టైప్ 2 అయితే పుట్టిన కొన్ని నెలలకే బయటపడి, చాలామంది పసిపిల్లల్ని రెండు మూడేళ్లలోపే తీసుకెళ్లిపోతుంది, దానికి ఈ మందు అక్కరకి రాదు.

బ్రేడీ దీన్ని వదిలెయ్యలేదు. న్యూరోసర్జన్లతో కలిసి సన్నటి గొట్టం ద్వారా నెమ్మదిగా ఒత్తిడితో ఎంజైమ్‌ని నేరుగా మెదడు కణజాలంలోకి పంపే పద్ధతి మీద పనిచేశారు, 2000ల్లో కూడా, అంటే ఆయనకి 80 ఏళ్లు దాటాక. పద్ధతి ఉందని చూపించారు, వైద్యంగా మారలేదు. కొవ్వు తయారీనే తగ్గించే మాత్రలు తర్వాత వచ్చాయి, మిగ్లూస్టాట్, ఎలిగ్లూస్టాట్ లాంటివి, అవి పెద్దవాళ్ల టైప్ 1 కోసం.

టైప్ 2, టైప్ 3 పిల్లల అమ్మానాన్నలు "మందు కనిపెట్టేశారంట కదా" అని ఆశగా అడిగినప్పుడు ఈ తేడా చెప్పాల్సి రావడం కంటే కష్టమైన పని నాకు ఇంకోటి తెలీదు. అందుకే గోషే మందు గురించి ఎవరికి చెప్పినా, ఏ టైప్‌కో ముందు చెప్పండి.

గోషేకీ పార్కిన్సన్స్‌కీ సంబంధం ఉందంటున్నారు, ఏంటది?

ఉంది. ఈ ఎంజైమ్‌ని తయారుచేసే జీన్ పేరు జీబీఏ1. రెండు కాపీలూ చెడితే గోషే వస్తుంది. ఒక్క కాపీ చెడినవాళ్లకి గోషే రాదు, క్యారియర్లంటాం, వాళ్లకి ఏమీ కాదనే చాలాకాలం అనుకున్నారు. ఎన్‌ఐహెచ్‌లోనే ఎలెన్ సిడ్రాన్‌స్కీ ఆధ్వర్యంలో చాలా దేశాల బృందాలు కలిసి చేసిన స్టడీ 2009లో వచ్చింది, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో ఈ జీన్ మార్పులు మామూలువాళ్లలో కంటే 5 రెట్లకి పైగా ఎక్కువగా కనిపించాయి. క్యారియర్లందరికీ పార్కిన్సన్స్ వస్తుందని కాదు, ఎక్కువమందికి రాదు, కంగారు పడకండి. కానీ అరుదైన జబ్బు మీద పని ఎవరికి కావాలి అన్నవాళ్లకి ఇంతకంటే మంచి జవాబు లేదు.

మా ఇంట్లో ఒకరికి ఉంది, మిగతా పిల్లలకి వస్తుందా?

అమ్మానాన్న ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 4లో 1, క్యారియర్ అయ్యే అవకాశం 4లో 2, ఏమీ లేకుండా ఉండే అవకాశం 4లో 1. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాత ముగ్గురికీ రాదని కాదు, ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది. ఇది గోషే లెక్క, ఫాబ్రీది వేరు, అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. ఇది ఎవరి తప్పూ కాదు, ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లకి కూడా గట్టిగా చెప్పండి.

ఇలాంటి జబ్బులన్నిటికీ ఎంజైమ్ ఎక్కించడమే వైద్యమా?

కాదు. పీకేయూ అనే జబ్బుంది, 1934లో నార్వేలో అస్‌బ్యోర్న్ ఫోలింగ్ కనిపెట్టాడు, అందులో ఫినైల్‌అలనైన్ (తిండిలోని ప్రోటీన్లలో ఉండే ఒక పదార్థం) తగ్గించిన ఆహారం పెడితే మెదడు దెబ్బతినకుండా ఆపొచ్చని 1950ల్లో హోర్స్ట్ బికెల్ చూపించాడు. అక్కడ మందు తిండే. జబ్బుని బట్టి దారి.

ఇదంతా ఆయన ఒక్కరే చేశారా?

ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పైన చెప్పిన షపీరో, కాన్‌ఫర్, పెంచెవ్, బార్టన్‌లతో పాటు శుద్ధి పద్ధతి మీద పనిచేసిన స్కాట్ ఫర్‌బిష్, జాన్ బారాంజర్, గ్యారీ మర్రే, ఇంకా చాలామంది. బయట ఎలిజబెత్ న్యూఫెల్డ్ అయితే వేరే స్థాయి, 1968లో ఆవిడ బృందం హర్లర్, హంటర్ అనే రెండు జబ్బుల రోగుల కణాల్ని ఒకే గిన్నెలో కలిపి పెంచితే ఒకదానికి లేనిది ఇంకోటి ఇచ్చి రెండూ బాగుపడ్డాయని చూపించింది. బయటి ఎంజైమ్‌ని కణాలు తీసుకోగలవని నమ్మకం కుదిరింది అలాంటి పనుల వల్లే. 1982లో వైద్య పరిశోధనకి ఇచ్చే లాస్కర్ అవార్డు బ్రేడీకీ ఆవిడకీ కలిపే ఇచ్చారు.

నోబెల్ రాలేదా?

రాలేదు. లాస్కర్ వచ్చింది, నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సభ్యత్వం వచ్చింది, నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ అండ్ ఇన్నొవేషన్ కూడా వచ్చింది.

ఈ రంగంలోకి రావాలనుకునే స్టూడెంట్స్‌కి ఆయన పని నుంచి ఏం పట్టుకోవాలి?

బయోకెమిస్ట్రీ గట్టిగా చదవండి, కణం లోపల ఏది ఎటు పోతుందో నేర్చుకోండి, వీలైతే రోగులున్న చోటికి దగ్గరగా ఉండే ల్యాబ్ ఎంచుకోండి. బెథెస్డాలో ల్యాబ్, ఆస్పత్రి మంచాలు ఒకే బిల్డింగ్‌లో ఉండేవి, పొద్దున వార్డులో చూసింది మధ్యాహ్నం ల్యాబ్‌లో అడగొచ్చు. కొవ్వు ఆమ్లాల మీద చేసిన పాత పని కూడా వృథా పోలేదు, కొవ్వుల్ని ఎలా వేరుచెయ్యాలో, ఎలా కొలవాలో ఆయన చెయ్యి తిరిగింది అక్కడే. మొదటి పీహెచ్‌డీ టాపిక్ నచ్చలేదని దిగులుపడే పిల్లలు నాకు కనిపిస్తుంటారు, వాళ్లకి ఇది చెప్తాను.

ఆయన మొదలుపెట్టి ఇంకా పూర్తవ్వనివి ఏమున్నాయి?

1966లో స్ఫింగోమైలినేజ్ లోపం కనిపెట్టారని పైన రాశాను కదా, ఆ జబ్బుకి ఎంజైమ్ మందు ఒలిపుడేజ్ ఆల్ఫాకి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2022లో. మధ్యలో 56 ఏళ్లు. బ్రేడీ అప్పటికి లేరు. ఆ మందు కూడా లివర్, స్ప్లీన్, ఊపిరితిత్తుల కోసమే, మెదడు కోసం కాదు. ఆ గోడ దాటించడానికి జీన్ థెరపీతోనూ, కణంలో వంకరపోయిన ఎంజైమ్‌ని నిలబెట్టే చిన్న మందులతోనూ ఇప్పుడు చాలా ల్యాబ్‌లు పనిచేస్తున్నాయి. టైప్ 2తో పుట్టిన పసిబిడ్డకి ఈ రోజుకీ చేతిలో పెట్టడానికి మందు లేదు.